గడువు తీరని సెషన్

టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమున సెర్న్ పరిశోధనాలయములో రూపొందించిన వెబ్‌కు మొదట జ్ఞాపకశక్తి లేదు. బ్రౌజరు ఒక పుట నడుగును. సర్వరు దానిని పంపును. అంతటితో సంబంధము తీరును. అదే మనిషి మరల అడిగినను సర్వరుకు కొత్తవాడే. 1994లో నెట్‌స్కేప్ సంస్థకు చెందిన లూ మాంటుల్లీ ‘కుకీ’ అను చిన్న గుర్తుచీటీని కల్పించి ఈ లోపమును తీర్చెను. ఆ చీటీని చూచి సర్వరు మనిషిని పోల్చుకొనును. ఈ పరిచయము నిలిచియున్నంత కాలమే సెషన్.

మనిషి లేచిపోయిన పిదపకూడ పరిచయము నిలిచియుండుట ప్రమాదకరము. అందుచే సెషన్‌కు గడువు పెట్టిరి. టామ్‌క్యాట్ సర్వరులో మామూలు గడువు 30 నిమిషములు. కొత్త అభ్యర్థన వచ్చినపుడెల్ల లెక్క మరల మొదటినుండి ఆరంభమగును. అభ్యర్థన వచ్చినచో మనిషి యెదుట ఉన్నట్లే యని ఆనాటి భావము.

1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5వ కూర్పుతో ఈ భావము చెదరినది. పుట మారకుండగనే తెరవెనుక సమాచారము తెప్పించు సాధనము అందులో వచ్చెను. 2005లో ఈ పద్ధతికి ‘ఏజాక్స్’ అను పేరు ఏర్పడెను. నాటినుండి పుటలు తమంతట తామే అరనిమిషమున కొకసారి సర్వరును పలుకరింపగలిగినవి. లోపల చప్పుడు వినిపించినంతసేపు యజమాని మేల్కొనియున్నాడని తలచు కావలివాడు గోడగడియారపు టిక్కుటిక్కులకు మోసపోయినట్లు, సర్వరుకూడ మోసపోవును. సెషన్ ముగియదు.

ఇది మన జిల్లాలకు సంబంధింపని విషయము కాదు. 2011లో ‘మీ సేవ’ ప్రారంభమైన పిదప కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల ప్రజలు ఆదాయ, కుల ధ్రువపత్రములకై కంప్యూటరు ఉన్న కేంద్రములకు పోవుట అలవాటైనది. పలువురి పని జరుగు యంత్రముపై సెషన్ తెరచియుండిపోయినచో, ఒకరి వివరములు మరియొకరి కంటబడవచ్చును. దీనికి విరుద్ధమైన చిక్కుకూడ కలదు. పెద్ద ఫారమును నింపుచున్నంతసేపు సర్వరుకు ఏ అభ్యర్థనయు పోకపోవచ్చును. అప్పుడు మనిషి యెదుట ఉండగనే గడువు తీరును. ఉట్నూరు దాపున ఏ గూడెమునుండియో కూలి మానుకొని వచ్చినవాని పని మరల మొదటికి వచ్చును.

నివారణ కష్టము కాదు. తెరవెనుక అభ్యర్థనలను వేరుగా గుర్తించి, వానివలన గడువు పెరుగకుండ చూడవలెను. మనిషి మీటలు నొక్కుటయే గడువును పెంచవలెను. గడువు తీరకముందు హెచ్చరిక చేసి, కనీసము 20 సెకనుల వ్యవధి ఈయవలెనని 2008 నాటి అంతర్జాతీయ వెబ్ సౌలభ్య నియమములు సూచించుచున్నవి. సగము నింపిన ఫారమును భద్రపరచినచో నష్టము మరింత తగ్గును. ఎంత పని జరిగినను దాటరాని తుదిగడువు ఒకటి ఉండుటయు మేలు.