నీళ్ళడుగున విజయపురి

"మరమ్మతుల కారణంగా రేపు ఉదయం నుంచి కృష్ణా నీటి సరఫరా బంద్" అని పేపర్లో ఓ మూల చిన్న ప్రకటన వస్తుంది చూడండి, మా సికింద్రాబాదులో దానికున్న పాఠకులు నా నవలలకు ఏనాడూ లేరు. ఆ ప్రకటన వచ్చిన పూట మా ఇంట్లో గంగాళం మొదలుకొని పాలగిన్నె దాకా అన్నీ నిండాల్సిందే. అటక మీది పాత బిందెలు కూడా కిందికి దిగుతాయి.

ఆ మధ్య ఓనాడు అలాగే బిందెలు తోముతూంటే, పీట వేసుకుని కూర్చున్న మా అత్తయ్య వున్నట్టుండి అడిగింది.

"కృష్ణ నీళ్ళు, కృష్ణ నీళ్ళు అంటారు. అసలెక్కణ్ణించి తెస్తున్నారే ఇవి?"

"నాగార్జునసాగర్ నుంచి అత్తయ్యా. 2004 నుంచీ అక్కణ్ణించి తోడి పోస్తున్నారు ఈ వూరికి."

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అయితే ఇన్నాళ్ళూ రాజధాని మీది నీళ్ళే తాగుతున్నానన్నమాట" అంది.

మా అత్తయ్య నాకు సొంత మేనత్త. మా నాన్నగారికి అక్క. పుట్టిల్లు మాచర్ల. తనకు ఎనిమిదేళ్ళప్పుడు, అంటే 1958 ప్రాంతంలో, మా తాతయ్య పిల్లల్ని బండి కట్టించి నాగార్జునకొండ లోయలోకి తీసుకువెళ్ళాడట. మా నాన్న అప్పటికి తాతయ్య భుజాల మీద ఎక్కే వయసు. లోయంతా తవ్వకాలు, తట్టలు మోసే కూలీలు, తెల్లటి రాళ్ళు. "ఇక్కడ పెద్ద పట్నం వుండేదమ్మా, త్వరలో మునిగిపోతుంది, చూసి గుర్తు పెట్టుకోండి" అన్నాడట తాతయ్య. అది విన్నాక నేనిక వూరుకోలేదు. బి.ఏ.లో చరిత్ర చదివిన దాన్ని, ఇక్ష్వాకుల రాజుల పేర్లు వరసగా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్న దాన్ని. ఆ వూరు కళ్ళతో చూసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు!

శుక్రవారం మంచిదని అత్తయ్య, శుక్రవారం మ్యూజియానికి సెలవని మా వారు. చివరికి శనివారం తెల్లవారుజామున పులిహోర డబ్బాతో బయల్దేరాం. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, పెద్దవూర దాటుకుంటూ సుమారు 160 కిలోమీటర్లు. దగ్గర పడుతున్నకొద్దీ నల్లమల కొండలు వరస కడతాయి. అక్కడ రోడ్డు పక్క బోర్డు చూసి నాకు నవ్వొచ్చింది: విజయపురి నార్త్. ఆనకట్ట దాటితే అవతల విజయపురి సౌత్. ఇంజనీర్లు తమ కాలనీలకు రాజధాని పేరు పెట్టి పంచేశారు. 2014లో రాష్ట్రం విడిపోయాక నార్త్ తెలంగాణకూ, సౌత్ ఆంధ్రప్రదేశ్‌కూ వెళ్ళాయి. అసలు విజయపురి మాత్రం ఎవరి వాటాకీ రాకుండా మధ్యలో నీళ్ళడుగున వుండిపోయింది.

లాంచీ ఎక్కాం. చుట్టూ కొండలు, మధ్యలో నీలంగా, ఎంతో అమాయకంగా జలాశయం. ఇప్పుడు దీవిలా కనిపించేది నిజానికి దీవి కాదు, కొండ నెత్తి. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఆ కొండల పాదాల దగ్గర పరుచుకున్న లోయలో క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు రాజధాని కట్టుకున్నారు. అప్పట్లో కొండ పేరు శ్రీపర్వతం, వూరి పేరు విజయపురి. శాతవాహనుల తర్వాత కృష్ణ ఒడ్డున రమారమి నూరేళ్ళు రాజ్యం చేశారు వాళ్ళు. కోట, కోటలోపల రాజు యాగం చేసిన చోటు, నదికి మెట్లు, గుళ్ళు, ముప్ఫైకి పైగా బౌద్ధారామాలు, నాలుగు వైపులా రాతిమెట్లున్న ఆటస్థలం. రోము నుంచి వచ్చిన బంగారు నాణాలు కూడా తవ్వకాల్లో దొరికాయి.

అంత పట్నాన్నీ మనవాళ్ళు శుభ్రంగా మర్చిపోయారు. పొలాలు పడ్డాయి, పుల్లారెడ్డిగూడెం అని ఓ పల్లె వెలిసింది. 1926లో ఓ బడిపంతులు గారు, ఇక్కడో పాత స్తంభముందని కబురు చెబితే, శాసనాల శాఖలో పనిచేసే రంగస్వామి సరస్వతి గారు వచ్చి చూశారు. మర్నాటి నుంచి అదృష్టం పండింది అనుకోండి. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్‌స్ట్ తవ్వించాడు. శాసనాలను వోగెల్ అనే డచ్చి పండితుడు చదివి అచ్చువేయించాడు.

నన్ను అడిగితే, ఈ శాసనాల్లో వున్నది రాజుల కథ కాదు. ఓ పెద్ద కుటుంబం కథ, అందులోనూ ఆడవాళ్ళ కథ. మొదటి రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళ భూమి దానం చేశాడని బిరుదులు చెప్పుకున్నాడు. కార్తికేయుడికి భక్తుడు. మగవాళ్ళు ఇలా యజ్ఞాలు చేసుకుంటూంటే, ఇంటి ఆడవాళ్ళు తమ డబ్బుతో బౌద్ధ విహారాలు కట్టించారు. ఇంట్లో ఒకరు శివుడికీ ఒకరు సాయిబాబాకీ దీపం పెట్టే మనకి ఇందులో వింతేముంది?

వాళ్ళల్లో పెద్ద దిక్కు చాంతిసిరి. చాంతమూలుడి చెల్లెలు, ఓ మహాసేనాపతి భార్య. 106 అడుగుల అడ్డుకొలత వున్న మహాచైత్యాన్ని, వీరపురుషదత్తుడు రాజైన ఆరో ఏట ఆవిడే పూర్తి చేయించింది. చైత్యం పునాది బండిచక్రంలా వుంటుంది: నడుమ కుంభి, ఆకుల్లా గోడలు. లాంగ్‌హర్‌స్ట్ తవ్వినప్పుడు అందులో చిన్న బంగారు భరిణె, భరిణెలో ఓ ఎముక ముక్క దొరికాయి. ఆ ధాతువు తర్వాత సారనాథ్ చేరింది.

వీరపురుషదత్తుడు చాంతిసిరికి మేనల్లుడు. ఈ రాజుగారు మేనత్తల కూతుళ్ళను పెళ్ళాడాడు. ఆరో ఏటి శాసనాల్లో ఆవిడ అతన్ని అల్లుడని అనదు. పద్ధెనిమిదో ఏట కట్టించిన చైత్యగృహం శాసనంలో మాత్రం, నా అల్లుడికి ఆయుష్షూ విజయమూ కలగాలని చెక్కించింది. అంటే ఈ మధ్యలో పిల్లనిచ్చిందన్నమాట! పెళ్ళి ఎప్పుడు జరిగిందో చెప్పే చరిత్రకారుడు లేకపోయినా, అత్తగారి సంబరం రాయి మీద పడి మనకు తెలిసిపోయింది.

నేనిది లాంచీలో చెబుతూంటే అత్తయ్య ముసిముసిగా నవ్వింది. "మేనరికమేగా. మా ఇంట్లో మాత్రం నేనేం చేశాను? నిన్ను తెచ్చుకోలా?"

మా వారు వెంటనే కొండల వైపు తిరిగి ప్రకృతి సౌందర్యంలో మునిగిపోయారు.

ఇంకా ఎందరో వున్నారు. ఉజ్జయిని నుంచి వచ్చిన మహాదేవి రుద్రధర భట్టారిక, ఓ స్తంభమూ 170 దీనారి మాషకాలూ ఇచ్చింది. రోము దీనారం పేరు కృష్ణ ఒడ్డున ఓ కోడలి దానంలో వినిపిస్తుందండీ! చాంతమూలుడి కూతురు పేరు అడవి చాటిసిరి. ఆ 'అడవి' వినగానే మన పిల్లే అనిపించదూ? వీరపురుషదత్తుడి కూతురు కొడబలిసిరి వనవాసి మహారాజు భార్య అయింది. మెట్టినిల్లు దూరమైనా పుట్టింటికి వచ్చి విహారం కట్టించింది. చాంతమూలుడు పోయాక అతని తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు కలిసి స్మారక స్తంభం నిలబెట్టి తమ పేర్లన్నీ దాని మీద వేయించారు. ఈ 'సిరి' ఏమిటంటారా? శ్రీయే. ఇవాళ మా వీధిలోనే ముగ్గురు సిరులున్నారు, స్కూలు బస్సు కోసం పొద్దున్నే పరుగెడుతూ.

అందరిలోకీ నాకు నచ్చింది బోధిసిరి. రాజుల ఇంటి మనిషి కాదు, ఓ సాధారణ ఉపాసిక. శ్రీపర్వతం మీద, విజయపురికి తూర్పున వున్న విహారంలో సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ సింహళ గురువులు కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, ద్రవిడం లాంటి దేశాలకు ధర్మం చేర్చినవాళ్ళని శాసనంలో పొగిడింది. తర్వాత తన దానాల పద్దు: ఓ చోట ఒక గది, ఓ చోట మూడు గదులు, ఇంకోచోట ఏడు, ఓ చోట చెరువు, ఓ చోట బోధివృక్షానికి గుడి. ఆ పుణ్యం ఎవరికి చెందాలో చెప్పడానికి పుట్టింటివాళ్ళనీ అత్తింటివాళ్ళనీ పేరుపేరునా రాయించింది. మహామూల, చూలమూల అని ఇద్దరు పిల్లలు కూడా వున్నారు అందులో. పెద్దమూల, చిన్నమూల అన్నమాట. ఎవర్ని మర్చిపోతే ఏం నిష్ఠూరమొస్తుందోనని ఎంత జాగ్రత్తపడిందో తల్లి!

కొండ మీద దిగాం. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. మునిగేలోగా తవ్వగలిగినంత తవ్వాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున పని జరిగింది. ముఖ్యమైన కట్టడాలను విడదీసి కొండ మీదా, ఒడ్డున అనుపు దగ్గరా మళ్ళీ కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. మ్యూజియంలో శిల్పాల మధ్య మునిగిన లోయకు ఓ నమూనా చేసి పెట్టారు. అత్తయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"పుల్లారెడ్డిగూడెం ఏదే?"

ఆ పల్లె ఆరోజు వాళ్ళు బండి విప్పిన చోటు. ఎవరింట్లోనో మజ్జిగ తాగారట. చైత్యాల పునాదులను విప్పి కొండెక్కించారు గానీ, మజ్జిగిచ్చిన ఆ ఇంటి అరుగును ఎవరు ఎక్కిస్తారు? పదిహేడు వందల ఏళ్ళనాటి రాయికి వచ్చిన అవకాశం పదిహేడేళ్ళ మట్టిగోడకు రాదు.

"తప్పు చేశారంటావా అత్తయ్యా?" అని అడిగాను. చదువుకున్నవాళ్ళం కదా, తీర్పు కావాలి మనకి.

"ఏమో. శ్రీనాథుడు మా పల్నాటి జొన్నకూటిని వెక్కిరించాడని మీరంతా నవ్వుకుంటారు. మేం అదే తిని పెరిగాం. నీళ్ళ కోసం మైలు నడిచాం. కాలవొచ్చాక వరన్నం తిన్నాం. ఆ పల్లెవాళ్ళు ఇళ్ళు పోగొట్టుకున్నారు, రాజులు వూరు పోగొట్టుకున్నారు. నేనేం పోగొట్టుకున్నా? ఏడవనా, మొక్కనా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

సాయంత్రం అనుపు వెళ్ళాం. ఆటస్థలం రాళ్ళను తెచ్చి అక్కడ పేర్చారు. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగి ఓ మెట్టు మీద కూర్చుంది. చేత్తో రాయి నిమిరింది. ఎనిమిదేళ్ళప్పుడు వీటి మీద తను తొక్కుడుబిళ్ళ ఆడితే తాతయ్య కోప్పడ్డాడట.

తల ఎత్తి చుట్టూ చూసి, "మెట్లు అవేనే. కొండలే జరిగాయి" అంది.

ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. తెల్లారి నల్లా వచ్చింది. ఆరోజు అటక మీంచి దింపిన స్టీలు బిందెను కడుగుతూంటే, మూతి కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు చేతికి తగిలాయి. ఇన్నేళ్ళూ తోముతూనే వున్నా ఎన్నడూ చదవలేదు. అత్తయ్య పెళ్ళికి వాళ్ళ మేనత్త చదివించిన బిందె. ఇచ్చినావిడ పేరు, ఆవిడ భర్త పేరు, పెళ్ళికూతురి పేరు, తేదీ. అత్తయ్య చనువుగా చుట్టాలందర్నీ తలుచుకుంటుంది గానీ, తన పేరు రేషను కార్డు మీద కాక ఇంకెక్కడైనా వుందని నాకు తెలియదు.

"ఈవిడ కట్టించిన విహారం ఇదా అత్తయ్యా?" అన్నాను బిందె చూపిస్తూ.

"దాన్ని మళ్ళీ అటకెక్కించకు. కింద వుంచు" అంది.

అప్పట్నుంచీ ఆ బిందె వంటింట్లోనే వుంది. మేం తాగే నీళ్ళు అందులోవే.