రెండు భాషల ఊరు: పర్లాకిమిడి వీధుల్లో ఒక నడక



మనలో చాలామంది హంపి చూశారు, కోణార్క చూశారు. పొరుగు తాలూకాలోని పాత ఊరిని మాత్రం బస్సు మారడానికి తప్ప దిగి చూడరు. ఈ రోజు మిమ్మల్ని అలాంటి ఒక ఊరికి తీసుకువెళతాను. తెలుగువాళ్ళం దాన్ని పర్లాకిమిడి అంటాం. ఒడియావారు పారళాఖేముండి అంటారు. ఒడిశాలోని గజపతి జిల్లాకు అది ముఖ్యపట్టణం. ఊరి పక్కన మహేంద్రతనయ పారుతుంది. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌లోది. రెండు ఊళ్ళ మధ్య సంతకు, పెళ్ళికి, పండక్కి రాకపోకలు ఏనాటి నుంచో ఉన్నాయి.

మీ ఊరి పిల్లల్ని పదిమందిని వెంటబెట్టుకుని ఈ పట్టణం చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? రైలు స్టేషనులో మొదలుపెట్టండి. కారణం చెబుతాను. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 1900లో ఒక చిన్న రైలు మార్గం నడక మొదలుపెట్టింది. దాన్ని వేయించింది ఏ కంపెనీ దొరా కాదు, పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. దూరం సుమారు నలభై కిలోమీటర్లు. తరువాత 1931 నాటికి ఆ దారి గుణుపురం దాకా సాగింది. ఆ చిన్న బండి 2004లో ఆగిపోయింది. పట్టాలు వెడల్పు చేశాక 2011 నాటికి పెద్ద రైలు గుణుపురం చేరింది.

పిల్లలకు ఇక్కడ ఒక ప్రశ్న వేయండి. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నాయి? పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఏ రాష్ట్రంలో ఉన్నాయి? రైలు వచ్చింది 1900లో, సరిహద్దు వచ్చింది 1936లో. ముందు దారి పడింది, గీత తరువాత పడింది. ఈ ఒక్క మాట పిల్లల మనసుకు ఎక్కితే మిగిలిన ఊరంతా వాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది.

అక్కడి నుంచి రాజభవనం వైపు నడవండి. ఎత్తయిన కమానులు, స్తంభాల వసారాలు, గుమ్మటాలు కనిపిస్తాయి. మద్రాసులో సెనేట్ హౌసు కట్టిన చిషోం దొర దీనికి రూపం ఇచ్చాడని చెబుతారు. మన దేశపు పనితనం, పడమటి దేశాల పద్ధతి కలగలిసిన కట్టడం అది. లోపలికి వెళ్ళదలచుకుంటే ముందుగా అనుమతి అడగండి. వీలుకాకపోతే బయట నిలబడి చూసినా నష్టం లేదు. కమానులు లెక్కపెట్టించండి, ఒక కిటికీ బొమ్మ గీయించండి. పాత గోడ పగుల్లో ఎక్కడైనా రావి మొక్క మొలిచి ఉంటే చూపించండి. ఇవాళ వేలెడంత ఉన్న మొక్క పాతికేళ్ళకు గోడనే చీలుస్తుందని చెప్పండి. కట్టడాన్ని కాపాడటమంటే పెద్ద నిధులే కానక్కరలేదని, వేళకు ఆ మొక్క పీకడం కూడా కాపాడటమేనని వాళ్ళకు తెలియాలి.

ఈ వంశంలోని కృష్ణచంద్ర గజపతి ఒడియా మాట్లాడేవారికి ఒక రాష్ట్రం కావాలని లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. మరుసటి ఏడు ఆయనే ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి పదవిని ఆ రోజుల్లో అలా పిలిచేవారు. పర్లాకిమిడి జమీందారీ మాత్రం రెండుగా చీలింది. పట్టణంతో పాటు కొంత భాగం ఒడిశాకు వెళ్ళింది, మిగిలింది మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది.

ఇక విద్యాసంస్థల వైపు రండి. కృష్ణచంద్ర గజపతి పేరుతో ఉన్న కళాశాల మూలం పందొమ్మిదో శతాబ్దంలో ఉంది. ఈ ఊళ్ళో రాజావారి బడికి 1880లో ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు ఉపాధ్యాయుడుగా వచ్చాడు. జీతం నెలకు ముప్పై రూపాయలు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. చుట్టుపక్కల కొండల మీది సవరలను చూసి వాళ్ళ భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. శాసనాలు చదవడం నేర్చి ముఖలింగం రాళ్ళ మీది రాతలు చదివారు. బళ్ళో పిల్లలకు అర్థంకాని గ్రాంథికం ఎందుకని వాడుక భాష కోసం పోరాడారు, 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. నేనిప్పుడు ఈ రేడియోలో మీతో ఇలా మాట్లాడగలుగుతున్నానంటే అందులో ఆయన పాలు ఉంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

1936లో పట్టణం ఒడిశాలో చేరడం ఆయనకు ఇష్టం లేకపోయింది. యాభై ఆరేళ్ళు బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో కన్నుమూశారు.

అసలు కష్టం ఇక్కడే వస్తుంది. ఊరు చూపించేవాడు తెలుగువాడైతే గిడుగువారి కథ చెప్పి ఊరుకుంటాడు. ఒడియావాడైతే గజపతి కథ చెప్పి ఊరుకుంటాడు. ఒకరికి 1936 పండుగ సంవత్సరం, మరొకరికి ఇల్లు విడిచిన సంవత్సరం. రెండూ నిజమే. రెండూ ఒకే వీధిలో జరిగాయి. తెలుగు పంతులుకు జీతమిచ్చిన బడి ఆ రాజకుటుంబానిదే కదా! అందుకని నా సలహా ఒకటి. ఈ నడకకు ఇద్దరు పెద్దల్ని పిలవండి, ఒకరు తెలుగు చెప్పేవారు, ఒకరు ఒడియా చెప్పేవారు. ఒకరు చెబుతుంటే మరొకరు వినాలి. ప్రతి కట్టడం పేరూ పిల్లలు రెండు లిపుల్లోనూ రాసుకోవాలి.

చివరగా కొమ్ము పనివారి దగ్గర ఆగండి. గేదె కొమ్మును వేడిచేసి, మెత్తబరచి, వంచి, చెక్కి, నునుపు పెట్టి దువ్వెనలు, కొంగలు, జింకలు చేస్తారు. ఈ ఊరి కొమ్ము బొమ్మలకు దూరప్రాంతాల్లో కూడా పేరుంది. మేడలు నిలిచినంత మాత్రాన ఊరి చరిత్ర నిలవదు. ఆ చేతి పని కూడా నిలవాలి. ఒక చిన్న బొమ్మ కొనండి, అది చేసే పద్ధతి చేసినవారి నోటనే పిల్లలకు వినిపించండి.

ఇదంతా పర్లాకిమిడికే చెందిన మాట అనుకోకండి. బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, యానాంలో ఉన్నా మీ ఊళ్ళోనూ రెండు పేర్లున్న వీధి ఒకటి ఉంటుంది. ఆ రెండో పేరు తెలిసిన ముసలివారు ఇంకా ఉన్నప్పుడే వెళ్ళి అడగండి. వారు దాటిపోయాక గోడ మిగిలినా దాని కథ చెప్పేవారుండరు. వచ్చే సెలవురోజు ఉదయం, ఎండ ముదరకముందే, పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరండి.