నగలు లేని కృతికన్య

ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు మెడలో ఏముంది, చేతులకేమున్నాయి అని నలుగురూ చూస్తారు కదా! 750 ఏళ్ల కిందట నెల్లూరులో అలాంటి పెళ్లి ఒకటి జరిగింది. పెళ్లికూతురు ఓ కావ్యం. పెళ్లికొడుకు ఆ ఊరి రాజు మనుమసిద్ధి. పిల్లనిచ్చిన మామగారు తిక్కన.

ఇది నా కల్పన కాదండీ. మనుమసిద్ధి తిక్కనను 'మామా' అని వరస పెట్టి పిలిచేవాడు. ఆ పిలుపు నిజమయ్యేలా నీ కవితాకన్యను నాకిమ్మని అడిగాడట. ఈ సంగతి నిర్వచనోత్తర రామాయణం మొదట్లో తిక్కనే చెప్పుకున్నాడు. రాజు హోదాలో ఆజ్ఞ చెయ్యకుండా అల్లుడిలా అడగటం ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

మరి ఆ పిల్లకు పెట్టిన నగలేమిటి?

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో తొమ్మిదో లూయీ రాజుకోసం ఓ కీర్తనల పుస్తకం తయారైంది. పశుచర్మాన్ని నున్నగా సాపుచేసిన పుటలు. అందులో 78 నిండు పుటల బొమ్మలు. బొమ్మల వెనకంతా బంగారపు రేకు. ఇప్పటికీ పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

మన రాజుగారి కాలంలో పుస్తకమంటే తాటాకులే. సముద్రం పొడుగునా ఇసుక నేలల్లో తాటిచెట్లకేం కొదవ? ముదరని ఆకులు కోసి, ఈనెలు తీసి, నీళ్లలో ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్ది ఒకే కొలతకు కత్తిరించేవారు. ఇనుప గంటంతో గీస్తే అక్షరం పడుతుంది గాని కంటికి ఆనదు. అందుకని దీపం మసి నూనెలో కలిపి ఆకంతా పులిమి తుడిచేసేవారు. గీతల్లో మసి నిలిచి అక్షరాలు నల్లగా తేలేవి. పురుగు పట్టకుండా పసుపు కూడా రాసేవారు. అంటే ఏమిటన్నమాట? మన పెళ్లికూతురికి పసుపూ కాటుకే సింగారం!

రంగులద్దటం మనదేశంలో తెలియక కాదు. పాల రాజుల కాలంలోనే బీహారు, బెంగాలుల్లో బౌద్ధులు రెండు మూడంగుళాల తాటాకు మీద రంగురంగుల బొమ్మలు వేశారు. తర్వాత్తర్వాత గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కవితలకు కాగితం మీద బంగారపు హంగులు దిద్దారు. హైదరాబాదు వెళితే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ ప్రతి ఉంది.

పారిస్ పుస్తకం తలచుకుంటే నాకు కాస్త అసూయగానే ఉంటుంది. ఎందుకంటే తిక్కన నాటి ప్రతి మనకు మిగల్లేదు. సముద్రపు గాలి చెమ్మ, చెదలు, వరదలు... తాటాకు ఎన్నాళ్లని ఆగుతుంది? బంగారం పెట్టి ఉంటే మాత్రం ఏ దండయాత్రలోనో గోకి పట్టుకుపోయేవారేమో లెండి!

అయినా కావ్యం మిగిలింది. పాత ఆకు చివికిపోకముందే ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీదికి ఎక్కించారు. ఒకటి రెండు తరాలు కాదు, దాదాపు ఆరు వందల ఏళ్లు ఇదే పని. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, తెలుగు తాళపత్రాలెన్నిటినో కాగితం మీదికి రాయించాడు. ఆయన కూడబెట్టిన ప్రతులు చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.

పాత ప్రతుల చివర రాతగాళ్లు రాసుకున్న మాటలు చదివితే మనసు చివుక్కుమంటుంది. నడుం వంగింది, మెడ పట్టేసింది, ఎంతో కష్టపడి రాశాను, కన్నబిడ్డలా చూసుకోమంటారు. నూనె తగలనివ్వకండి, నీళ్లు పడనివ్వకండి, కట్టు వదులు కానివ్వకండి, తెలివిలేనివాళ్ల చేతికివ్వకండి అని పుస్తకమే బతిమాలుకున్నట్టు రాస్తారు.

అచ్చం అప్పగింతలప్పుడు పిల్ల తల్లి మాటల్లా లేవూ!