కోటిపల్లి రైలు – యుద్ధకాలపు బండ్ల కొరత

రైలుబండ్లు తగ్గినవనగా ప్రయాణము ఆలస్యమగుననియే మనము తలంతుము. బండ్లే కాదు, పట్టాలతో సహా దారియే మాయమైన ఊళ్ళు మన గోదావరి సీమలోనే కలవు.

కాకినాడనుండి కరప, రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కోటిపల్లికి 1928లో రైలుదారి పడినది. పొడవు సుమారు 45 కిలోమీటర్లు. గౌతమి గట్టున బండి దిగి, రేవులో పంటు ఎక్కి ఆవలి ముక్తేశ్వరము చేరినచో కోనసీమలో అడుగు పెట్టినట్లే. భీమేశ్వరుని, సోమేశ్వరుని దర్శించు యాత్రికులకును, ధాన్యపు వర్తకులకును అది సుఖమైన దారి. ఆ సుఖము పండ్రెండేండ్లే. 1940లో యుద్ధావసరముల పేరిట ఆ పట్టాలను ఊడదీసి తీసికొనిపోయిరి.

ఇట్లేల చేయవలసి వచ్చెను? కొరత యుద్ధముతో పుట్టినది కాదు. 1929 తరువాత ఆర్థికమాంద్యమున రాబడి పడిపోగా, రైల్వేలు క్రొత్త ఇంజనులను, పెట్టెలను కొనుట బాగుగా తగ్గించుకొనినవి. పాతవానినే మరమ్మతు చేసికొనుచు నెట్టుకొనివచ్చుచుండగా యుద్ధము వచ్చి పడినది. ఇంజనులు చేసి పంపు ఇంగ్లండు కర్మాగారములు యుద్ధసామగ్రికి మరలినవి. మన రైల్వే వర్కుషాపులలోను మందుగుండు సామగ్రి తయారు కాసాగెను. అంతటితో ఆగక, దేశములోని మీటరుగేజి ఇంజనులలో నూటికి 8, వాగనులలో నూటికి 15 పశ్చిమాసియా రంగమునకు తరలిపోయినవి. ఇరువదికి పైగా శాఖాదారులను పెరికివేసిరి.

ఉన్న బండ్లపైన బరువు మాత్రము పెరిగెను. అంతకుముందు కలకత్తానుండి దక్షిణాదికి బొగ్గు చాలవరకు ఓడలలో వచ్చెడిది. 1942లో జపానువారి భయమున తీరపు ఓడల రాకపోకలు దెబ్బతినగా, ఆ బొగ్గు కూడ రైలు పాలైనది. రంగూను పడిపోవుటతో బర్మా బియ్యము రాక నిలిచినది. ఆ లోటును కొంతయైన పూడ్చవలసినవి గోదావరి, కృష్ణా డెల్టాలే. ఆ సంవత్సరము ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు పడినవి. తీరపు పట్టణముల జనము మూటాముల్లె కట్టుకొని లోపలి ఊళ్ళకు బయలుదేరినది. అందరికిని కావలసినది రైలే.

ఇక్కడ వాగనుల లెక్క కొంచెము చెప్పవలెను. ఒక వాగను సరుకు దింపి మరల నింపుకొనుటకు పది దినములు పట్టినచో నెలకు మూడు పర్యాయములు పనికివచ్చును. దారిలో మిలిటరీ స్పెషలుకు తావిచ్చి సైడింగులో నిలిచి, పదునైదు దినములు పట్టినచో రెండు పర్యాయములే. వాగను ఒక్కటియును తగ్గలేదు, కాని మూడవవంతు సరుకు స్టేషనులోనే పడియున్నది! కొరతయనునది సంఖ్యలో కన్న నడకలో ఎక్కువగా ఉండునని మాకు తోచును. కాగితము మీద బండ్లు లెక్కించి తృప్తిపడు అధికారులకు ఇది ఎన్నడును రుచింపదు.

రైల్వేలు చేసిన ఉపాయములు అందరెరిగినవే. ప్యాసింజరుబండ్లను తగ్గించిరి, రాయితీ టిక్కెట్లను తీసివేసిరి, తప్పనిసరియైననే ప్రయాణము చేయుడని గోడలకు ప్రకటనలు అంటించిరి. మూడవ తరగతివాడు తప్పనిసరి కానిదే ఎన్నడు ప్రయాణము చేసినాడు? మెట్ల మీద నిలిచియు, పెట్టె పైకప్పున కూర్చుండియు పోయినవాడు వాడే.

రైలు పోయినచోట జనము ఏమి చేసిరి? కోటిపల్లి సీమవారు కాటను దొర ఆనకట్టనాటి కాలువలనే మరల నమ్ముకొనిరి. ధాన్యపు పడవలు గాలి ఉన్నపుడు తెరచాపతోను, లేనపుడు గట్టుమీది మనుషులు లాగు త్రాటితోను, లాకులు దాటుచు నడిచెడివి. అయితే ఏటేట వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టివేయుదురు. అపుడు ఎడ్లబండియే గతి. బస్సులు ఉన్నవి, కాని 1941లో పెట్రోలుకు రేషను వచ్చినది. వెనుక పెద్ద పీపావంటి పొయ్యి తగిలించి, కట్టెబొగ్గు వాయువుతో బస్సులు నడపిరి. బయలుదేరుటకు ముందు క్లీనరు చేతిమర త్రిప్పి నిప్పు రగిల్చవలెను. గట్టెక్కవలసి వచ్చినచో ప్రయాణికులు దిగి త్రోయవలెను. మా ఇండ్లలో పెద్దలు ఆలస్యముగా కదలువానిని ‘బొగ్గు బస్సు’ అని ఎగతాళి చేయుట మేము విన్నాము.

ఈ సందర్భమున నిజాము రైల్వేను తలచుకొనవలెను. ఆ సంస్థ 1932లోనే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో తన సొంత రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినది. సింగరేణి బొగ్గు దానికి చెంతనే దొరకుచుండెను. ఒకే యాజమాన్యమున రైలును బస్సును ఉండుట ఎంత మేలో మన తీరప్రాంతము కష్టకాలములో గాని గ్రహింపలేదు.

యుద్ధము ముగిసినది. అమెరికా, కెనడాలనుండి క్రొత్త ఇంజనులు దిగినవి. 1950లో చిత్తరంజనులో ఇంజనుల తయారీ, 1955లో పెరంబూరులో పెట్టెల తయారీ ఆరంభమయ్యెను. యుద్ధకాలమున పెరికిన దారులలో మలబారులోని నీలంబూరు దారిని, కాంగడా లోయలోని జోగిందరునగరు దారిని 1954 నాటికి తిరిగి వేసిరి. కోటిపల్లి మాట ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. దేశము కొరకు తీసికొనిన వస్తువును తిరిగి ఇచ్చుటలో ఇంత పక్షపాతమేల? వర్తకమునకు లారీలు వచ్చినవి కదా, రైలెందుకని నాడు అనుకొని యుండవచ్చును. ఈ వాదము మాకు సమ్మతము కాదు. లారీ అందరిది కాదు; మూడవ తరగతి టిక్కెట్టు అందరిదియును.

అమలాపురము పార్లమెంటు సభ్యులును, లోకసభాధ్యక్షులును అయిన జి. ఎం. సి. బాలయోగి ఈ దారి పునరుద్ధరణకు పట్టుబట్టి కృషిచేసిరి. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున మరణించుటచే దానిని వారు చూడనైరి. 2004లో, అరువదినాలుగేండ్ల పిమ్మట, కోటిపల్లికి మరల పట్టాలు చేరినవి. వానిపై నడచినది పెద్ద బండి కాదు, రైలుబస్సు. అది గోదావరి గట్టువరకు వచ్చి ఆగెడిది. దిగినవారు మునుపటివలెనే రేవుకు నడచి, ముక్తేశ్వరమునకు పంటు ఎక్కెడివారు.