రైలు విడిచి వెళ్లిన బాట

ఆన్సీ సరస్సు పడమటి ఒడ్డున ద్వేన్ అనే ఊరి దగ్గర కొండ నీళ్లలోకి ముక్కులా పొడుచుకొస్తుంది. ఆ కొండ కింద ఒక సొరంగం. బయట ఎంత ఎండగా ఉన్నా లోపల చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది. ఎండాకాలంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులోంచి సైకిళ్లు పోతూనే ఉంటాయి. ముందు బుట్టలో రొట్టె పెట్టుకున్న అవ్వ, వెనక సీట్లో పిల్లవాణ్ణి కట్టుకున్న తండ్రి, సన్నటి టైర్ల రేసింగు సైకిలు మీద వంగి దూసుకుపోయే కుర్రాడు, అందరిదీ అదే దారి. కారు గానీ లారీ గానీ అందులోకి రాదు.

ఆ సొరంగాన్ని సైకిళ్ల కోసం తవ్వలేదు, రైలు కోసం తవ్వారు. సరస్సు ఒడ్డున సాగే ఈ బాట ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే ఆ రైలు దగ్గర మొదలుపెట్టాలి. మధ్యలో మురుగునీటి కథ కూడా ఒకటి వస్తుంది. ఆ రెండూ కలిస్తేనే ఈ బాట.

ఫ్రాన్సు తూర్పున, ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉంది ఆన్సీ సరస్సు. నిడివి సుమారు 14 కిలోమీటర్లు, వైశాల్యం దాదాపు 27 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం కొసన ఆన్సీ పట్టణం. తూర్పు ఒడ్డున కొండలు నిటారుగా నీళ్ల దాకా దిగుతాయి. పడమటి ఒడ్డున మాత్రం కొండకూ నీటికీ మధ్య కాస్త చదును నేల మిగిలింది. 1896లో చిత్రకారుడు పోల్ సెజాన్ తూర్పు ఒడ్డున తల్వార్ అనే ఊళ్లో బస చేసి, ఎదుటి గట్టున ఉన్న ద్వేన్ కోటను, నీళ్లలో దాని నీడను నీలి, ఆకుపచ్చ రంగుల్లో చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉంది. అది గీసిన అయిదేళ్లకు, 1901లో, ఆ ఎదుటి గట్టు మీదికే రైలు వచ్చింది. ఆన్సీ నుంచి దక్షిణంగా ఫావెర్జ్, యూజీన్ మీదుగా ఆల్బేర్‌విల్ చేరే ఒంటి పట్టాల లైను అది.

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద నిటారు వాలును ఎక్కలేదు, జారిపోతుంది. అందుకని రైలు ఇంజనీర్లు ఎత్తు వచ్చిన చోట నేలను కోశారు, పల్లం వచ్చిన చోట గట్టు పోశారు, కొండ అడ్డొస్తే తొలిచారు. మలుపులను సాగదీశారు. వాననీరు నిలవకుండా తూములు కట్టారు, కంకర దిమ్మిస కొట్టారు. ఎంత తొక్కినా ఆయాసం రాని సైకిలు బాటకు కావలసినవి సరిగ్గా ఇవే. ఆ సంగతి అప్పట్లో ఎవరి ఊహలోనూ లేదు.

తర్వాత బస్సులు, లారీలు వచ్చాయి. దేశమంతటా చిన్న లైన్లకు గిరాకీ పడిపోయింది. ఈ లైను మీద 1938లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. సరుకు బండ్లు మరికొన్నేళ్లు నడిచి, అవీ నిలిచిపోయాయి. పట్టాల మధ్య గడ్డి మొలిచింది.

ఇక నీటి కథ. రైలు లైను మూగబోతున్న ఆ రోజుల్లోనే సరస్సూ జబ్బున పడింది. ఒడ్డున ఇళ్లు, హోటళ్లు పెరిగాయి. వాటి మురుగంతా నీళ్లలోకే చేరేది. నీళ్లు చిక్కబడుతున్నాయని, చేపలు తగ్గిపోతున్నాయని ముందుగా గట్టిగా చెప్పినవాళ్లలో పోల్-లూయీ సెర్వెత్తా అనే స్థానిక వైద్యుడు ఒకడు. ఆన్సీ మేయరు షార్ల్ బోసోన్ ఆ మాట చెవిన పెట్టాడు. 1957లో ఒడ్డు ఊళ్లు కలిసి ఒక ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి. సరస్సు చుట్టూ గొట్టాలు పరిచి, ప్రతి ఊరి మురుగునూ పట్టి, సరస్సులోంచి నీరు బయటికి పోయే చోటు దాటించి దిగువన శుద్ధి చేయాలన్నది వాళ్ల ఆలోచన. శుద్ధి చేసిన నీరు సైతం సరస్సులో కలవకూడదని నియమం పెట్టుకున్నారు. ఎంతో ఖర్చు, ఏళ్ల తరబడి పని. ఈ రోజు ఆన్సీ ప్రజలు తాగే నీరు ఆ సరస్సుదే.

ఆ గొట్టాల వల్ల నీళ్లు తేరుకున్నాయి. ఊళ్లకు కూడా ఒక సంగతి తెలిసొచ్చింది. ఒక్క ఊరు తన మురుగును నీళ్లలోకి వదిలినా మిగతా ఊళ్లన్నీ పడ్డ శ్రమ నీళ్లపాలే. అందరూ ఒప్పుకుంటేనే పని. పాత రైలు లైను సంగతీ అంతే. ఆన్సీ, సెవ్రియే, సాఁ జోరియో, ద్వేన్, దూసార్, ఇలా ప్రతి ఊరి పొలిమేరలోనూ దాని ముక్క ఒకటి ఉంది. ఏ ఊరికి ఆ ఊరు తన ముక్కను ఇళ్ల స్థలాలకో కార్లు నిలుపుకోవడానికో వాడుకుని ఉంటే ఆ బాట తెగిపోయేది. తెగిన బాటను మళ్లీ అతకడం అసాధ్యం. మురుగు పనికి పెట్టుకున్న ఆ ఉమ్మడి సంఘమే పడమటి ఒడ్డు సైకిలు బాట పనినీ చేతికి తీసుకుంది. పట్టాలు తీసిన గట్టు మీద తారు పరుచుకుంటూ, విడతలవారీగా దక్షిణానికి సాగింది.

తారు పరచడం చిన్న విషయం కాదు. ఫ్రాన్సులో పాత రైలు బాటలు చాలాచోట్ల మట్టి, సన్న కంకర పరిచినవే. నడిచేవాళ్లకు అవి హాయి. రేసింగు సైకిలు సన్న టైరుకు మాత్రం నున్నటి నేల కావాలి. ఆన్సీ బాట పసిపిల్లల మూడు చక్రాల బండికీ, పందెం సైకిలుకూ ఒకే తారు ఇచ్చింది.

ఇలాంటి దారిని ఫ్రెంచివాళ్లు వ్వా వేర్త్ అంటారు, అంటే పచ్చబాట. బర్గండీ ప్రాంతంలో జివ్రీ నుంచి క్లూనీ దాకా పాత రైలు లైను మీద 1997లో తెరిచిన దారిని దేశంలో తొలి పచ్చబాటగా చెప్పుకుంటారు. మరుసటి ఏడు ప్రభుత్వం దేశమంతటికీ సైకిలు దారుల పథకం ప్రకటించింది. 2004 సెప్టెంబరులో పచ్చబాట అన్న మాట రోడ్డు చట్టంలోకి ఎక్కింది. మోటారు లేని బండ్లకూ, నడిచేవాళ్లకూ, గుర్రపు రౌతులకూ మాత్రమే అది అని నిర్వచనం రాశారు. ఆ పేరు చట్టంలోకి రాకముందే ఆన్సీ గట్టు మీద సైకిళ్లు తిరుగుతున్నాయి.

తూర్పు ఒడ్డున రైలు లేదు. కాబట్టి వారసత్వంగా వచ్చిన గట్టూ లేదు, సొరంగమూ లేదు. వేరియే, మాంతోన్, తల్వార్ ఊళ్ల మీదుగా కొండకూ నీటికీ మధ్య ఇరుకు రోడ్డే ఆధారం. అక్కడ సైకిలుకు చోటు ముక్కలు ముక్కలుగా, చాలా ఆలస్యంగా దొరికింది. కొన్నిచోట్ల మోటారు రోడ్డు పక్కనే సాగాలి, ఎత్తులూ ఎక్కాలి. సరస్సు చుట్టూ ఒక చుట్టు సుమారు 40 కిలోమీటర్లు. పడమట సులువుగా దొర్లిన కాళ్లకు తూర్పున కొండ ఎదురైనప్పుడు, పాత రైలు ఇంజనీర్లు ఎంత మేలు చేశారో తొక్కేవాడి ఊపిరికే తెలుస్తుంది. 2009లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పోటీ ఈ సరస్సు చుట్టూ మోటారు రోడ్ల మీద, ఒక్కొక్కరూ విడిగా తొక్కే 40.5 కిలోమీటర్ల పందెం పెట్టింది. అల్బెర్తో కొంతదోర్ అందులో గెలిచాడు. రోడ్లు మూసి పోలీసులను నిలబెడితే తప్ప పందెగాళ్లకు అంత నిర్భయం దొరకదు. పడమటి గట్టు మీద పిల్లలకు అది రోజూ దొరుకుతుంది.

బాట దూసార్ వైపు సాగి సరస్సు దక్షిణపు కొసకు చేరేసరికి రెల్లు పొదలు, చిత్తడి నేల వస్తాయి. అది 1974 నుంచి రక్షిత ప్రకృతి వనం. అక్కడ సైకిలు ఆపి కాసేపు నిలబడితే నీటిపక్షుల అరుపులు వినిపిస్తాయి. మోటారు మోత లేని దారికి అదే పెద్ద బహుమానం.

అయితే ఈ దారి ఒక్క సైకిళ్ల సొత్తు కాదు. సెలవు రోజుల్లో నడిచేవాళ్లు, చక్రాల బూట్లవాళ్లు, తోపుడు బండ్లలో పసివాళ్లు కిక్కిరిసి ఉంటారు. వేగంగా తొక్కాలనుకునేవాళ్లు తెల్లవారుజామునే రావాలి, లేదా ఆ వేగాన్ని ఇంటి దగ్గరే విడిచి రావాలి. పదిమందీ కలిసి కాపాడుకున్న నేల మీద పదిమందికీ చోటివ్వడం న్యాయం.

రైలు పోయినా దాని గట్టు మిగిలింది. మురుగు పోయాక కూడా కలిసి కూర్చునే అలవాటు మిగిలింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ద్వేన్ సొరంగం ఇవాళ తలుపులు మూసిన చీకటి గుహగా ఉండేది. వాడుక పోయిన రైలు లైను మీ ఊరి పొలిమేరలో ఉంటే, అది ముక్కలు కాకముందే పక్క ఊరివాళ్లతో మాట్లాడండి.