మెతుకుసీమ పెరటికోడి, మిగిలిన పుంజు

పెట్ట పొదిగిన పది గుడ్లలో ఇంచుమించు అయిదు పుంజులగుట ప్రకృతి ధర్మము. ఎనిమిది పది పెట్టల మందకు ఒక్క పుంజు చాలుట లోకానుభవము. ఈ రెంటి నడుమ మిగిలిపోవు పుంజులకు ఏ గతి కల్పింపవలెనను ప్రశ్నకు ఏ కాలపు సమాజము ఏ సమాధానము చెప్పినదో పరిశీలించినచో, ఆ కాలమున కోడిని పెంచినవారెవరు, తిన్నవారెవరు, పోరాడించినవారెవరు, ఊరక పోగొట్టుకొన్నవారెవరు అను సంగతులు వాటంతట అవే బయటపడును. ఈ విచారణకు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతము మిక్కిలి అనువైన తావు. ఏలయనగా చాళుక్యుల నాటి రాజవినోదము, నిజాము నాటి వెట్టి, ఏడుపాయల జాతర, మందుల కర్మాగారము, హేచరీ, అపార్టుమెంటు డాబా ఇవన్నియు మెతుకుసీమ అనబడు ఈ మెదకు ప్రాంతమున ఒకే త్రోవ వెంబడి కానవచ్చును.

కోడి పుట్టుకను గూర్చి డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథమున ఇంటికోళ్లన్నిటికిని ఎఱ్ఱ అడవికోడియే మూలమని తేల్చెను. ఆ మాట చాలవఱకు నిలిచినది గాని, 2008లో జన్యుశాస్త్రజ్ఞులు దానికొక సవరణ చేసిరి: కోళ్ల కాళ్లకుండు పసుపువన్నెకు కారణమైన జన్యువు దక్షిణాపథపు బూడిదవన్నె అడవికోడినుండి వచ్చి చేరినదని చూపిరి. కనుక ప్రపంచమున ఏ మూల పసుపుకాళ్ల కోడి తిరుగాడినను దానిలో మన అడవుల రక్తము ఒక బొట్టు కలదని ఒకింత గర్వించుట తప్పు కాదేమో. థాయిలాండులో దొరకిన ఎముకలను బట్టి, క్రీస్తునకు పూర్వము 1650–1250 నడుమ, మెట్టవరియు చిఱుధాన్యములును పండించు పల్లెలలో రాలుగింజలకు ఆశపడి అడవిపక్షి మనుష్యుని వాకిట చేరినదని 2022లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. జొన్న కళ్లము చుట్టు తిరుగు కోడిని చూచినవారికి ఈ సిద్ధాంతమునకు వేఱు సాక్ష్యము అక్కరలేదు.

పటాన్‌చెరు పదునొకండవ శతాబ్దమున పొట్టలకెరె అను పేర కల్యాణి చాళుక్యులకు రాజనివాసమై, జైనులకు నెలవై ప్రసిద్ధి కెక్కెను. ఆ వంశమువాడే యైన మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున సంస్కృతమున కూర్చిన మానసోల్లాసమున, ఏనుగుల పోరు, మల్లయుద్ధము మున్నగు రాజవినోదముల సరసనే కోడిపోరునకును చోటిచ్చెను. చీమకు సైతము హాని తలపెట్టని జైన బసదులును, కోడికాలి దెబ్బకు కేరింతలు కొట్టు కొలువును ఒకే ఏలుబడిలో ఉండినవన్నమాట. పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించిన దశకుమారచరిత్రమునందును కోడిపోరు కలదు. పల్నాటి కథలోనైతే బ్రహ్మనాయుని కోడి ఓడుటయే మాచెర్ల రాజులను ఏడేండ్ల ప్రవాసమునకు పంపినది. అయితే ఈ కీర్తియంతయు ఒకటి రెండు మేలుజాతి పుంజులది. నూటికి తొంబది పాళ్లు బరి ముఖము చూడని పుంజులే. వాటి చరిత్రను వ్రాయుటకు ఏ కవియు పూనుకొనలేదు.

ఆ పుంజులను పెంచినవారెవరనగా, మనుస్మృతి ద్విజులకు ఊరకోడి మాంసమును నిషేధించుట చేత అగ్రహారపు వాకిళ్లకు దూరమైన ఈ పక్షి, సేద్యము చేయు వారి, కూలి చేయు వారి ఇండ్లలో స్త్రీల చేతికి దక్కినది. సదాశివపేట, జోగిపేట, ఝరాసంగము పల్లెలలో నేటికిని కోళ్లు ఆడవారి సొత్తు. గుడ్లమ్మిన డబ్బునకు మగవాడు లెక్క అడుగుట తక్కువ. పెట్ట గుడ్డు పెట్టుట మాని, ఈకలు ఉబ్బించి, గూటిని వదలక, చేయి చాపినచో గురగురలాడ మొదలిడగానే పొదుగునకు వచ్చినదని ఇల్లాలు గ్రహించును. పాత గంపలో బూడిదయు ఇసుకయు పోసి, పైన గడ్డి పఱచి, పది పండ్రెండు గుడ్లమర్చి, ఉఱుములకు గుడ్లు మురిగిపోకుండుటకని ఒక ఇనుపముక్కను, దిష్టి తగులకుండుటకని ఒక బొగ్గును, ఎండుమిరపకాయను ప్రక్కన ఉంచి పెట్టను కూర్చుండబెట్టును. ఇనుపముక్క ఉఱుమును ఆపునో లేదో గాని, బూడిద పేలను ఆపుట మాత్రము నిజము. వారము దాటిన పిదప ఒక రాత్రి దీపమునకు అడ్డముగా గుడ్డును పట్టి చూచి, నెత్తురుతీగలు కానరాని వానిని తీసివేయుదురు. ఇరువదియొకటవ నాటికి పిల్లలు పెంకు పగులగొట్టుకొని బయటపడును. పొదుగు అక్కరలేని వేళ పెట్టను చన్నీట ముంచుటయు, ముక్కున ఈక గుచ్చుటయు కలదు. ఇది కొంచెము క్రూరమైన వైద్యమే.

పిల్లలకు మొదట నూకలు, తరువాత చెదలు. పాత కుండలో పేడయు గడ్డియు కుక్కి తడిపి, చెదలున్న తావున రాత్రి బోర్లించి ఉంచినచో తెల్లవాఱునప్పటికి కుండ నిండ చెదలు పట్టును. దానినెత్తి వాకిట దులిపినచో తల్లియు పిల్లలును క్షణములో ఊడ్చివేయును. గద్ద తన్నుకుపోగా, పిల్లి ఎత్తుకొనిపోగా, ముంగిస కొఱుకగా, పది పిల్లలలో నాలుగైదు నిలిచినచో ఆ ఇల్లాలు అదృష్టవంతురాలు. రెండు నెలలు నిండునప్పటికి నెత్తిమీది జుట్టు ఎఱ్ఱబడుటను బట్టి ఏది పుంజో తెలిసిపోవును. తెలిసిన నాటినుండియే దాని గమ్యమును మనసులో నిర్ణయించి ఉంచుదురు. ఇది పోచమ్మకు, ఇది అల్లునికి, ఇది అంగడికి.

ఈ నిర్ణయమున ఒక కాలగణితము దాగియున్నది. నాటుపుంజు కోతకు అందివచ్చుటకు అయిదాఱు నెలలు పట్టును. ఎండకాలమున గుడ్లు వేడికి చెడునని ఎఱిగిన ఇల్లాలు పుష్యమాసమున పెట్టను గంపలో కూర్చుండబెట్టినచో, ఆ పిల్లలలోని పుంజులు ఆషాఢ శ్రావణములలో బోనాలు వచ్చునప్పటికి చేతికందును. దసరా దాటిన పిదప దిగిన పిల్లలు శివరాత్రి తరువాతి జాతరలకు ఎదిగివచ్చును. మంజీర ఏడు పాయలుగా చీలు చోట వెలసిన వనదుర్గ జాతరకు గంపలతో, సంచులతో తరలివచ్చు పుంజులను చూచినచో, ఒక జిల్లాకు జిల్లాయే తన మిగులు పుంజులను ఒక్క వారములో చెల్లుబాటు చేసికొనుచున్నదని తోచును. మిగిలిన వానిలో కొన్ని వాటా పద్ధతిన చేతులు మాఱును: కోడి లేని ఇంటికి ఒక పెట్టనిచ్చి, దిగిన పిల్లలను చెఱిసగము పంచుకొనుట. పశువైద్యరంగమున పనిచేసిన ఆంత్ర సంస్థవారు తూర్పుగోదావరి గిరిజన గ్రామములలో ఈ వాటాను శ్రద్ధగా పరిశీలించిరి గాని, ఇది కొండలకే పరిమితమైన ఆచారము కాదు. పుంజునకు ముందే చోటు కేటాయింపబడియుండుట చేత, ఆ ఊళ్లలో అది మిగులుగా ఎవరికిని కనబడలేదు.

ఇంతమాత్రమున పూర్వకాలమంతయు సుభిక్షమని భ్రమపడరాదు. పుంజులకు గల చోట్లలో మిక్కిలి పెద్దది దొరవారి వంటిల్లు. నిజాము రాజ్యమున తహసీలుదారు గాని, గిర్దావరు గాని, అమీను గాని దౌరాకు వచ్చి చావడిలో మకాము వేసినచో, వంటచెఱకు, పాలు, గుడ్లు, కోళ్లు ఊరివారే ఉచితముగా సమర్పింపవలసియుండెను. చీకటి పడిన పిదప కోడికి చూపానదు గనుక, గూటిలో చేయి పెట్టి పట్టుకొనిపోవుట ఊరి నౌకరైన సేత్‌సింధీకి తేలిక. ఏడ్చుట ఇంటి ఇల్లాలి వంతు. ఆంధ్ర జనసంఘమువారు ఈ వెట్టిచాకిరిని ఖండించుచు ప్రచారము సాగించిరి. ప్రథమ ఆంధ్ర మహాసభ 1930లో ఈ సీమలోని జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. ఆ ప్రతాపరెడ్డిగారే 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కోడిపందెములను పాఠ్యాంశముల వలె ఓపికగా వివరించిరి. అధికారి తినిన కోళ్లకు, రాజు ఆడిన కోళ్లకు ఒకే చరిత్రకారుడు లభించుట విశేషము.

వెట్టి తొలగినను తెగులు తొలగలేదు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో గుర్తింపబడిన వ్యాధియే మఱుసటి ఏడాది కుమావూ కొండలలోని రాణీఖేతులో కానవచ్చుటచే మన దేశమున ఆ ఊరి పేరనే వ్యవహృతమయ్యెను. పల్లెవారు దానిని కొక్కెర తెగులందురు. పచ్చని పారుడు, మెడ మెలిక, రెండు మూడు దినములలో వాడంతయు నిశ్శబ్దము. తెగులు పొరుగూరికి వచ్చినదని వినబడగనే ఉన్న కోళ్లనన్నిటిని అగ్గువకు అమ్మివేయుట నేటికిని వాడుక. టీకా కలదు, మంచిదే. అయితే ఒక్క సీసా నూఱు కోళ్లకు సరిపోవును, ఇంటికి పది కోళ్లే, సీసా విప్పిన కొలది గంటలలోనే వాడవలెను. వాడవారందఱు ఒక దినమున కూడుకొన్నగాని అది పనిచేయదు. కూడుకొనుట టీకా కన్న దుర్లభము.

1960ల నడుమ రామచంద్రాపురమున భెల్ కర్మాగారము వెలసెను. 1972లో పటాన్‌చెరు చెంత ఇక్రిశాట్ నెలకొనెను. తరువాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం వరుసగా పొలములను మ్రింగెను. సరిగా ఆ కాలముననే, 1971లో బి.వి.రావుగారు హైదరాబాదున వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించిరి. 1982లో ఆయన పూనికతో గుడ్ల సమన్వయ సంఘము ఏర్పడి, గుడ్డు ధరను దళారి చేతినుండి రైతు చేతికి తెచ్చినది. దీని మేలు కాదనలేము. పేదవాని పళ్లెములో గుడ్డు పడినది ఈ ఉద్యమము వలననే. అయితే గుడ్ల జాతి వేఱు, మాంసపు జాతి వేఱు అని విడదీసిన నాటినుండి గుడ్ల జాతిలో పుట్టిన పుంజుపిల్ల ఎందునకును కొఱగానిదయ్యెను: అది గుడ్డు పెట్టదు, కండ పట్టదు. జపానువారు 1920, 30ల నడుమ ఒక దినపు పిల్ల ఆడదో మగదో గుదమును పరీక్షించి చెప్పు నేర్పును లోకమునకు నేర్పిరి. నాటినుండి మగపిల్లలు పుట్టిన నాడే హతమగుట ప్రపంచమంతట వ్యాపారధర్మమైనది. జర్మనీ దేశము దీనిని 2022నుండి నిషేధించినది. మన అంగళ్లలో మాత్రము వాటికొక విచిత్రమైన చివరి మజిలీ కలదు. గులాబి, ఆకుపచ్చ, నీలి రంగులలో ముంచి, అట్టపెట్టెలో కుక్కి, సైకిలు వెనుక కట్టుకొని తిరుగువాడు బడి ముందర నిలువగానే పిల్లలు మూగుదురు. రంగు వెలిసిపోవునప్పటికి పిల్లయు పోవును; దక్కినదొకటి కూయ మొదలిడును.

ఇంతలో రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధనాలయము పెరటిని మఱువలేదు. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అను రకములు అక్కడనే రూపొందినవి. నాటుపెట్ట ఏడాదికి అఱువదికి లోపు పెట్టగా, వనరాజా పెరట నూఱు దాటి పెట్టును. దాని పుంజు కండపట్టును గనుక చంపవలసిన పని లేదు. నా దృష్టిలో ఈ రెండవ గుణమే గొప్పది. లోపమొకటి: ఈ పెట్టలు పొదుగునకు రావు. కనుక తెలివిగల ఇల్లాలు వనరాజా గుడ్లను నాటుపెట్ట క్రింద పెట్టి పిల్లలను లేపుకొనుచున్నది. 2019 పశుగణనలో దేశపు కోళ్లు 85 కోట్లు; అందులో పెరటివి సుమారు 31.7 కోట్లు, వెనుకటి గణన కంటె ఇవి దాదాపు సగము పెరిగినవి. పెరడు తరుగుచున్న కాలమున పెరటికోడి పెరుగుట ఆశ్చర్యకరము.

పటాన్‌చెరులో సహజముగా కోడిని పెంచుదమనువారు ఆలోచింపవలసినది మఱియొకటి కలదు. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలియుచున్నదని 1990లోనే సుప్రీంకోర్టు గడపనెక్కిరి. ఈ ప్రాంతపు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీట సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దాణాలో మందు కలుపని కోడి మంచిదని కొనువారు, అది కాళ్లతో గీఱు మట్టియు, త్రాగు నీరును ఎట్టివో కూడ అడుగవలెను. నాటుకోడి తాను తిరిగిన నేలను తినును. వాగు ఒడ్డు ఊళ్లలో బోరునీరైనను వేఱుగా తెచ్చి పోయక తప్పదు.

2007లో పటాన్‌చెరు మహానగరపాలికలో కలిసినది. నేడు బీరంగూడ, అమీన్‌పూర్, ఇస్నాపూర్ కాలనీలలో డాబాలమీద, ఖాళీ ప్లాట్లలో అయిదాఱు కోళ్లను పెంచువారు పెక్కురు కలరు. వీరిలో చాలమంది జీతమునకు వచ్చి స్థిరపడిన పల్లెవారే. వీరికి పెట్టతో చిక్కు లేదు. పుంజులు మూడు కాగానే పెట్టల వీపుమీది ఈకలూడును, తెల్లవాఱుజామున నాలుగింటికి కూతతో పైయింటివారు తలుపు తట్టుదురు. పుంజులను పెట్టల కంటబడకుండ వేఱు గూటిలో కలిపి పెంచినచో కొట్లాట తగ్గును, కూత తగ్గదు. పందెమునకు అమ్ముదమన్నచో జంతువులను పోరునకు పురికొల్పుట 1960 నాటి చట్టము ప్రకారమే నేరము. కోసికొనుటకు చేతులాడనివారు అంగడికి పంపుదురు. అక్కడ నాటుకోడి పేర రంగుల బ్రాయిలరునమ్మువాడు వీరి పుంజునకు ధర తెగ్గొట్టును.

చిక్కంతయు కాలము తప్పుటలో కలదని నాకు తోచుచున్నది. హేచరీలో పిల్లలు పండ్రెండు నెలలును దొరకును. బడులు తెఱచు తొలకరి దినములలో పిల్లల ముచ్చటకని నెల వయసు కోడిపిల్లలను కొనితెచ్చినచో, వాటిలోని పుంజులు కూత పట్టుట సరిగా కార్తికమున, అనగా చాల ఇండ్లలో నీసు ముట్టని నెలలో. ఆషాఢమున పుంజునకై మోండా అంగడిలో వెదకినవారే కార్తికమున పుంజును ఎవరికంటగట్టుదుమా అని చూచుచుందురు. అప్పుడు దానిని కాళ్లు కట్టి సంచిలో పెట్టుకొని జోగిపేట బస్సెక్కువారు కలరు. ఊరిలో తల్లి దానిని తడిమి చూచి, తేలికగా నున్నదని పెదవి విఱిచి, మార్గశిరము వఱకు ఉండుమని గంప క్రింద మూసి జొన్నలు చల్లును.