కాలువ వెంట వచ్చిన పాలన

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో ప్రభుత్వం రైతు పొలం గట్టు దాకా రావడానికి మూలం నేల వాలు. కృష్ణ కుడిగట్టు నుంచి సముద్రం దాకా భూమి కొద్దికొద్దిగా వాలి ఉంటుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఆ వాలు మీదే కాలువలు పారాయి. అంతవరకూ ఏలికలకు రైతుతో ఉన్న ప్రధాన సంబంధం శిస్తు. కాలువ వచ్చాక నీళ్లు ఎప్పుడు వదలాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో కూడా సర్కారే తేల్చసాగింది. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటితీరువాకు చట్టమే చేసింది. నాట్ల అదను ఇంజనీరు చేతికి, తూము దాన్ని తెరిచి మూసే లస్కరు చేతికి పోయాయి. ఎగువన ఉన్న తెనాలికి ముందందే నీరు, కడలి పక్కనున్న రేపల్లె, బాపట్ల చివరి భూములకు ఆఖరున చేరుతుంది. వంతుల వారీ పంపకం, దాని తగవులు అక్కడే పుట్టాయి.

అంతా భూగోళమే చేసిందా అంటే, కాదు. అదే వాలు 1832-33 డొక్కల కరువులోనూ ఉంది; అయినా గుంటూరు సీమలో జనం ఆకలితో రాలిపోయారు. ఆనకట్ట కట్టాలన్నది రాజకీయ నిర్ణయం. 1921-22లో పెదనందిపాడు రైతులు పన్ను నిరాకరించి, పాలనకు ప్రజల సమ్మతి కూడా కావాలని చాటారు. సాగునీటి నిర్వహణపై వచ్చిన 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు చోటిచ్చింది. నేల ప్రశ్నను మాత్రమే ముందుంచుతుంది, జవాబు మనుషులు చెప్పుకోవాలి. చివరి ఎకరానికి నీరందినప్పుడే ఆ జవాబు న్యాయమైనదని ఒప్పుకోవాలి.